మార్కులు పెరిగాయి, బుడమేరు ఆగలేదు

2024 జులైలో నీతి ఆయోగ్ విడుదల చేసిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల సూచీలో ఆంధ్రప్రదేశ్‌కు నూటికి 74 మార్కులు వచ్చాయి. అంతకు ముందు 2020-21 సూచీలో వచ్చినవి 72. దేశం మొత్తానికి వచ్చినవి 71 కాబట్టి రాష్ట్రం సగటు కంటే పైనే ఉంది. ఆ నివేదిక వచ్చి రెండు నెలలు తిరక్కుండానే బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తు మునిగిపోయి మేడ మీద కూర్చున్న కుటుంబాలకు అన్నం పొట్లాలు, మంచినీళ్ల సీసాలు డ్రోన్లతో పంపాల్సి వచ్చింది.

ఈ రెండిట్లో ఏదో ఒకటి అబద్ధమనుకోవడం తేలిక. సూచీలన్నీ కాకిలెక్కలని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. వరద ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే ఉపద్రవం, దాన్ని అభివృద్ధి లెక్కల్లో కలపొద్దనేవాళ్లూ ఉన్నారు. నిజానికి మార్కులు వేయడంలో తప్పు జరగలేదు. ఆ ప్రశ్నపత్రంలో సింగ్‌నగర్ గురించి అడిగిన ప్రశ్న లేదు, అంతే.

సుస్థిర అభివృద్ధి లక్ష్యాల కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. 2015 సెప్టెంబర్ 25న ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు 17 లక్ష్యాలకు, వాటి కింద 169 ఉపలక్ష్యాలకు ఒప్పుకున్నాయి. గడువు 2030. అంతకు ముందు 2000 నుంచి 2015 దాకా నడిచిన 8 సహస్రాబ్ది లక్ష్యాలు ప్రధానంగా పేద దేశాల కోసం రాసినవి. ఈ 17 మాత్రం అమెరికాకూ వర్తిస్తాయి, అమరావతికీ వర్తిస్తాయి. సుస్థిర అభివృద్ధి అంటే రేపటివాళ్ల అవసరాలకు గండి కొట్టకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవాలన్న మాట 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదికతో ప్రచారంలోకి వచ్చింది. ప్రపంచం మొత్తం మీద పని ఎలా నడుస్తోందంటే, 2024లో ఐక్యరాజ్యసమితే ఇచ్చిన లెక్క ప్రకారం ఉపలక్ష్యాల్లో సరైన దారిలో ఉన్నవి 17 శాతమే.

2015 తీర్మానంలో ఒక మాట ఉంది. ఈ లక్ష్యాలు ఒకదానితో ఒకటి ముడిపడినవి, విడదీయరానివి అని. ఒప్పుకున్న మర్నాటి నుంచి అన్నిచోట్లా జరిగింది మాత్రం విడదీయడమే. నీళ్లు ఒక శాఖకు, ఇళ్లు ఇంకో శాఖకు, పంటలు మరో శాఖకు, వాతావరణం ఎవరికీ కాకుండా. పరిపాలన అలాగే నడుస్తుంది, అందులో దురుద్దేశమేమీ లేదు. కానీ విజయవాడ, గుంటూరు లాంటి చోట ఒక లక్ష్యంలో వచ్చిన గెలుపు ఇంకో లక్ష్యంలో ఓటమిగా ఎలా తేలుతుందో బుడమేరు వెంట నడిస్తే కనిపిస్తుంది.

మైలవరం వైపు కొండల్లో పుట్టే ఈ వాగు విజయవాడ ఉత్తరపు పల్లాల మీదుగా సాగి కొల్లేటిలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం దాన్ని వాగు అని ఎవరూ గుర్తించరు. గుర్రపుడెక్క, మురుగు, గట్ల మీద గుడిసెలు. కొండల్లో గట్టి వాన పడితే మాత్రం దాని సంగతి వేరు. అందుకే దానికి 'విజయవాడ దుఃఖదాయని' అన్న పేరు పడింది. 2005లోనూ నగరాన్ని ముంచింది. నగరంలోకి రాకముందే ఆ నీటిని పక్కకు తిప్పేందుకు వెలగలేరు దగ్గర గేట్లతో కూడిన హెడ్ రెగ్యులేటర్, అక్కడి నుంచి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసేలా డైవర్షన్ ఛానల్ (మళ్లింపు కాలువ) ఉన్నాయి.

ఉపాయం మంచిదే. కాకపోతే అది పనిచేయాలంటే కృష్ణలో నీటిమట్టం కిందే ఉండాలి. కృష్ణ నిండుగా పారుతుంటే ఛానల్లో నీళ్లు ముందుకు పోవు, వెనక్కి తంతాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడ దగ్గరి ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బ్యారేజీ కట్టిన తర్వాత అంత నీరు ఎన్నడూ రాలేదు. కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల మధ్య చిక్కుకుని కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నది ఆ వరదలోనే. అదే సమయానికి బుడమేరు పైభాగంలోనూ కుండపోత. పక్కకు పోవాల్సిన నీళ్లు పోలేక డైవర్షన్ ఛానల్ గట్టుకు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం సాయం తీసుకోవాల్సి వచ్చింది. ఈలోగా నీళ్లు తమకు తెలిసిన పాత దారిన నగరంలోకి వచ్చేశాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పట్టిసీమ నుంచి ఎత్తిపోసే గోదావరి నీళ్లు పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి ఇదే ఛానల్ గుండా కృష్ణలో కలుస్తాయి. డెల్టాలో నాట్లు సకాలంలో పడుతున్నాయంటే ఆ నీళ్ల పుణ్యం చాలా ఉంది. ఆకలి లేని సమాజం అనే రెండో లక్ష్యానికి అది నేరుగా చేసే మేలు. అంటే డెల్టా రైతుకు నీళ్లు తెచ్చే దారీ, నగరం నుంచి నీళ్లు తప్పించే దారీ ఒకటే. రెండు పనులూ ఒకే రోజు మీద పడినప్పుడు ఏది ముందన్న ప్రశ్నకు జవాబు ముందే రాసిపెట్టుకుని ఉండాలి. ఛానల్‌ను వెడల్పు చేయాలన్న ప్రతిపాదనలు వరద తర్వాత మళ్లీ ఊపందుకున్నాయి. అవసరమే. కానీ కృష్ణలో వరద ఉన్నప్పుడు ఎంత వెడల్పు చేసినా నీళ్లు పోయేది కృష్ణలోకే కదా. ఆ మాట అంత గట్టిగా వినపడటం లేదు.

మునిగిన కాలనీల పేర్లే చాలా చెబుతాయి. వాంబే అంటే వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన. పట్టణాల్లోని మురికివాడల జనానికి పక్కా ఇళ్లివ్వాలని 2001లో కేంద్రం తెచ్చిన పథకం. విజయవాడ కాలనీకి ఆ పథకం పేరే నిలిచిపోయింది. పదకొండో లక్ష్యం కింద మొదటి ఉపలక్ష్యం, 11.1, చెప్పేది అందరికీ సురక్షితమైన, అందుబాటు ధరలో ఇల్లు ఉండాలనే. అదే లక్ష్యం కింద 11.5 ఉంది. విపత్తుల వల్ల, ముఖ్యంగా నీటి విపత్తుల వల్ల పోయే ప్రాణాలు, నష్టపోయే జనం, ఆస్తినష్టం తగ్గాలి. పేదల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి అంటుంది. ఒకే లక్ష్యంలోని ఒకటో మాట నెరవేర్చడానికి వేసిన కాలనీ, అయిదో మాట దగ్గరికి వచ్చేసరికి మునిగిపోయింది.

కారణం వెతకడానికి మ్యాప్ చాలు. విజయవాడకు దక్షిణాన కృష్ణ, మధ్యలో ఇంద్రకీలాద్రి నుంచి గుణదల దాకా కొండలు. నగరం గుండా బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. మంచి చోటంతా ఎప్పుడో నిండిపోయింది. పేదలకు మిగిలినవి రెండే: కొండవాలు, బుడమేరు పల్లం. కొండవాలున ఉన్నవాళ్లకు రాళ్ల భయం, పల్లంలో ఉన్నవాళ్లకు నీళ్ల భయం. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాడు పల్లం మునిగింది. ఒకే వాన, రెండు రకాల అద్దె తక్కువ ఇళ్లు.

నీళ్లు తీశాక సింగ్‌నగర్ వీధుల్లో కనిపించిన దృశ్యం ఏ సూచీకీ అందదు. ఇంటింటి ముందు ఎండబెట్టిన పరుపులు, తలుపు తెరిచి వాలేసిన ఫ్రిజ్‌లు, డ్రాయర్లలో బురద నిండిన బీరువాలు, మోటారు పాడైన కుట్టు మిషన్లు. ఇళ్లలో పేరుకున్న బురదను ఫైరింజన్లతో కడిగించారు. ఆటో ఇంజిన్లోకి నీళ్లు పోతే మెకానిక్ దగ్గర బండి ఉన్నన్నాళ్లూ కిస్తీ ఆగదు, సంపాదన మాత్రం ఆగుతుంది. ప్రభుత్వం కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేల రూపాయల సాయం ప్రకటించింది. వేగంగా స్పందించిన మాట నిజం. కానీ ఏళ్ల తరబడి వాయిదాల మీద ఒక్కొక్కటిగా కొనుక్కున్న సామాను ఆ డబ్బుతో ఏ మేరకు తిరిగొస్తుందో ఫ్రిజ్ ధర తెలిసినవాళ్లెవరికైనా తెలుసు.

ఇప్పుడు మార్కుల సంగతి. వాతావరణ మార్పు మీదిది పదమూడో లక్ష్యం. 2020-21 నీతి ఆయోగ్ సూచీలో దీన్ని కొలిచినవి అయిదు అంశాలు. కోటి జనాభాకు విపత్తుల్లో పోయిన ప్రాణాలు, విపత్తు సన్నద్ధత స్కోరు, మొత్తం విద్యుత్ సామర్థ్యంలో పునరుత్పాదక ఇంధనం వాటా, వాయుకాలుష్యం వల్ల కలిగే అనారోగ్య భారం, ఎల్‌ఈడీ బల్బులు వాడటం వల్ల తగ్గిన కార్బన్ డయాక్సైడ్. బల్బులు మారిస్తే మార్కులొస్తాయి. బుడమేరు గట్టు తెగితే పోవు. ప్రాణాలు పోతే మాత్రం లెక్కలోకి వస్తుంది. ముందుగానే తరలించి ప్రాణాలు కాపాడితే మంచి మార్కులే వస్తాయి, అది న్యాయమే. కానీ బతికి బయటపడి సర్వం పోగొట్టుకున్న కుటుంబానికి ఆ పట్టికలో గడి లేదు. పదకొండో లక్ష్యం కింద కచ్చా ఇళ్లలో ఉండే కుటుంబాల శాతం కొలుస్తారు. వాంబే కాలనీలోది కాంక్రీటు ఇల్లు. మునిగినా పక్కా ఇల్లే.

కొలతకు చిక్కని మంచి కూడా ఉంది. విజయవాడలో కృష్ణ ఒడ్డున ఉన్న కృష్ణలంక, రాణిగారితోట వాసులకు కృష్ణ వరద అంటే ఏమిటో అనుభవం. 2009 వరద భయం అక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. 2024లో దానికంటే ఎక్కువ నీరు వచ్చినా, దశలవారీగా కట్టిన రిటైనింగ్ వాల్ ఆ ప్రాంతాన్ని కాపాడింది. గోడ ఎవరి హయాంలో ఎంత కట్టారన్న దాని మీద రెండు పార్టీల మధ్య నడిచిన వాదన సంగతి అలా ఉంచితే, ముందే పెట్టిన ఖర్చు ఎంత నష్టాన్ని ఆపుతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. చిక్కేమిటంటే గోడ కనిపిస్తుంది, దాని ముందు ఫొటో దిగొచ్చు. బుడమేరు పూడిక తీశామంటే, మళ్లీ గుర్రపుడెక్క మొలిచేలోపు చూసేవాళ్లెవరు?

వాగు దిగువకు పోతే కథ ఇంకా పాతది. బుడమేరు, తమ్మిలేరు అనే ఇంకో వాగు కలిసేది కొల్లేరు సరస్సులో. అక్కడి నుంచి నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడినేల. అంతకు ముందే 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. సరస్సు కడుపులో చేపల చెరువులు పెరిగిపోతే 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు పగలగొట్టారు. తర్వాత చెరువులు మళ్లీ పుట్టుకొచ్చాయి. చేపల రైతు వైపు నుంచి చూస్తే అది జీవనోపాధి, ఎగుమతి, అంటే పని, ఆర్థిక వృద్ధి కోరే ఎనిమిదో లక్ష్యం. నీటి వైపు నుంచి చూస్తే దారిలో కట్టిన గట్టు. చిత్తడినేలల్ని కాపాడి పునరుద్ధరించాలని చెప్పే 6.6 ఉపలక్ష్యానికి గడువు 2030 కూడా కాదు, 2020. ఆ గడువు దాటిపోయిందని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పైగా వాగు పుట్టేది, పారేది, కలిసేది ఒక్క జిల్లాలో కాదు. 2022లో జిల్లాల పునర్విభజన తర్వాత ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు జిల్లాల మధ్య దాని బాధ్యత ముక్కలైంది. నదులకు బేసిన్ బోర్డులంటూ ఉంటాయి. ఇంత చిన్న వాగుకు ఎవరుంటారు?

గుంటూరు సమస్య వేరు. అక్కడ నీళ్లు ముంచవు, కుళాయిలోంచి వస్తాయి. 2018 మార్చిలో పాతగుంటూరు ప్రాంతంలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆనందపేట పేరు అప్పుడు రోజూ వార్తల్లో ఉంది. మంచినీటి పైపుల్లోకి మురుగు కలిసిందన్నదే తేలిన కారణం. పాత పట్టణంలో మంచినీటి గొట్టం, మురుగు కాలువ పక్కపక్కనే, కొన్నిచోట్ల ఒకదాన్ని దాటుకుంటూ ఇంకొకటి పోతాయి. రోజంతా నీటి సరఫరా ఉండదు కాబట్టి సరఫరా ఆపినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా పగులుంటే చుట్టూ ఉన్న మురుగును అది లోపలికి లాక్కుంటుంది. మర్నాడు పొద్దున వచ్చే మొదటి బిందెడు నీళ్లలో ఉండేది అదే. ఫిల్టర్ ప్లాంట్‌లో ఎంత శుద్ధి చేసినా, రోగం అంటుకునేది ప్లాంట్ దాటాకే.

ఆరో లక్ష్యం, అంటే అందరికీ సురక్షితమైన నీరు, పారిశుద్ధ్యం, ఈ విషయంలో ఏం కొలిచిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2020-21 సూచీలో తాగునీటి అంశాలు రెండూ గ్రామీణ జనాభాకు సంబంధించినవే. పల్లెలో ఇంటింటికీ కుళాయి అనే కార్యక్రమం దేశవ్యాప్తంగా నడుస్తోంది కాబట్టి దాన్ని కొలిచారు. గుంటూరు నగరంలో కుళాయి ఎప్పటినుంచో ఉంది. అందులో ఏం వస్తోందన్నది అడగలేదు.

రాష్ట్ర విభజన తర్వాత కేంద్రం ఈ రెండు నగరాల డ్రైనేజీకి కలిపి 1000 కోట్ల రూపాయలు ఇచ్చింది. విజయవాడ వాననీటి కాలువలకు దాదాపు 460 కోట్లు, గుంటూరు భూగర్భ డ్రైనేజీకి 540 కోట్లు. డబ్బు వచ్చింది, పనులు మొదలయ్యాయి, రోడ్లు తవ్వారు. ఏళ్లు గడిచినా రెండు పథకాలూ అనుకున్నట్టు పూర్తికాలేదు. తవ్వి వదిలేసిన రోడ్ల మీద గుంటూరు వాళ్లు పడిన అవస్థ, ఆ దుమ్ము గురించి చెప్పుకుంటూ పోతే అదో వ్యాసమవుతుంది. నగరాల పరిశుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విజయవాడకు 2021లో 10 లక్షల జనాభా దాటిన నగరాల్లో మూడో ర్యాంకు వచ్చింది. ఇంటింటి చెత్త సేకరణ, తడి పొడి విడదీయడంలో ఈ నగరం నిజంగానే చాలా నగరాలకంటే మెరుగు. పొద్దున్నే బండి రావడం, పారిశుద్ధ్య కార్మికులు పడే కష్టం ఎవరూ కాదనలేనివి. చెత్తకు రోజూ లెక్క ఉంటుంది. భూమి కింద పైపుకు అది పగిలినప్పుడే లెక్క.

ఇక మిర్చి. ఈ ప్రాంతంలో సుస్థిర అభివృద్ధి అనే మాటకు అసలు పరీక్ష నగరంలో కంటే మిర్చి చేలోనే ఎక్కువ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డు గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే గొంతు పట్టేస్తుంది. కొత్తవాళ్లు దగ్గుతూ కళ్లు తుడుచుకుంటారు. హమాలీలు మూతికి తువ్వాలు చుట్టుకుని టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తుంటారు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని చెప్పుకునే చోట పనివాళ్లకు ఊపిరి రక్షణ ఇంతే. భద్రమైన పని వాతావరణం కోరే 8.8 ఉపలక్ష్యం ఈ తువ్వాలు దగ్గర ఆగిపోయింది. తేజ, 334, 341, బాడిగ రకాల మిర్చి రాసులు పోసి ఉంటాయి. కొనేవాడు గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, విరిచి, తేమ పసిగట్టి, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంతుందో అంచనా వేసి ధర చెబుతాడు. గిట్టుబాటు కాకపోతే రైతు సరుకును 'ఏసీ'లో పెడతాడు. కోల్డ్ స్టోరేజీని ఇక్కడ ఏసీ అనే అంటారు. చుట్టుపక్కల అలాంటివి వందకు పైగా ఉన్నాయి.

ఆ ధర చెప్పే క్షణంలో కాయ మీద ఎన్నిసార్లు మందు కొట్టారన్నది ఎవరూ అడగరు. ఎగుమతి దగ్గరికి వచ్చాకే ల్యాబ్‌లో పురుగుమందుల అవశేషాల పరీక్ష. అక్కడ సరుకు వెనక్కి వస్తే దెబ్బ ఎగుమతిదారుకు. ఆ తర్వాత ధరల్లో కోత రూపంలో అది రైతుకు చేరుతుంది, ఏ కాయ వల్ల వచ్చిందో ఎవరికీ తెలియకుండా. రసాయనాల్ని పర్యావరణానికి హాని లేకుండా వాడాలనే 12.4 ఉపలక్ష్యం గడువు కూడా 2020తోనే అయిపోయింది.

రైతు మందు ఎందుకు అంతగా కొడతాడు? అజ్ఞానమని చెప్పేవాళ్లు చేలోకి వెళ్లి చూసినవాళ్లు కారు. ఈ ప్రాంతంలో మిర్చి వేసేవాళ్లలో కౌలు రైతులు ఎక్కువ. కౌలు ముందే కట్టాలి. పెట్టుబడి అప్పు. పంట మీద ఎకరాకు లక్షల్లో డబ్బు ఉండగా ఆకు ముడత కనబడితే ఆగి ఆలోచించే తీరిక ఉండదు, టెన్షన్ ఉంటుంది. అరువు ఇచ్చే పురుగుమందుల షాపే సలహా కూడా ఇస్తుంది. 2021లో నల్ల తామరపురుగు వచ్చి పూతను నాశనం చేసినప్పుడు రైతులు మందు మీద మందు మార్చి కొట్టారు. పురుగు చావలేదు, దాన్ని తినే మిత్రపురుగులు చచ్చాయి. చాలామంది తోటలు పీకేశారు.

కౌలు రైతుకు బ్యాంకు అప్పు అందాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి. 2019లో రాష్ట్రం తెచ్చిన చట్టం ప్రకారం దానికి భూయజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానికి భయం. దాంతో చాలామందికి ఆ పత్రం రాదు, పంట నష్టపోతే పరిహారం యజమాని ఖాతాకు పోయే పరిస్థితి. పేదరికం మీది మొదటి లక్ష్యం, ఆహారం మీది రెండోది, రసాయనాల మీది పన్నెండోది, మూడింటికీ ముడి ఈ ఒక్క సంతకం దగ్గర పడింది. మందు తగ్గించమని ఎన్ని అవగాహన సదస్సులు పెట్టినా, రైతు అప్పు షాపులో ఉన్నంతకాలం మాట చెల్లేది షాపుదే.

2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు ఇదంతా బయటపడింది. అంతకు ముందు 20 వేలు దాటి పలికిన క్వింటా మిర్చి దాదాపు సగానికి దిగింది. యార్డులో ఆందోళనలు జరిగాక కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. మిర్చికి కనీస మద్దతు ధర లేదు. ప్రపంచమంతా వాడే కారానికి ధర చైనా కొనుగోలు మీద, ఏసీల్లో మిగిలిన నిల్వ మీద ఊగుతుంది.

మిర్చి కోతకు వచ్చే కూలీలది ఇంకో కథ. కర్నూలు జిల్లాలోని కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు, పల్నాడు చేలకు వలస వస్తాయి. అక్కడ వానల్లేవు, ఇక్కడ కోతకు మనుషుల్లేరు. పిల్లల్ని ఇంటి దగ్గర వదిలిరాలేక వెంట తెచ్చుకుంటారు. నాలుగో లక్ష్యం చదువు. బడి మానేసిన పిల్లల లెక్క కర్నూలు జిల్లా ఖాతాలో పడుతుంది. కారణం మాత్రం గుంటూరు కోతల్లో ఉంది. వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అవి సమయానికి తెరుచుకున్న ఏడాది తేడా తెలుస్తుంది, ఆలస్యమైతే పిల్లలు అప్పటికే లారీ ఎక్కేసి ఉంటారు. ఒక జిల్లా మార్కులు ఇంకో జిల్లా పంట మీద ఆధారపడి ఉంటాయని ఏ డ్యాష్‌బోర్డూ చూపించదు.

దీనికి విరుగుడుగా నడుస్తున్న ప్రయత్నం కూడా గుంటూరు కేంద్రంగానే ఉండటం విశేషం. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని రాష్ట్రమంతా విస్తరిస్తోంది. విత్తనాలకు పట్టించే బీజామృతం, ఆవు పేడతో చేసే ఘన జీవామృతం, వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాదంతా పచ్చగా ఉంచడం లాంటి పద్ధతులు. డ్వాక్రా సంఘాల మహిళలే దీనికి వెన్నెముక. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి దక్కింది. శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెమ్‌తో కలిపి పంచుకున్నారు. ఒక ప్రభుత్వ కార్యక్రమానికి అంతటి గుర్తింపు రావడం చిన్న విషయం కాదు. ఖర్చు తగ్గడం, నేల గుల్లబారడం, పెరట్లో తినడానికి నాలుగు కూరగాయలు ఉండటం రైతులు స్వయంగా చెప్పే లాభాలు. అయితే మిర్చి దగ్గరికి వచ్చేసరికి అసలు చిక్కు యార్డులోనే ఉంది. మందు కొట్టని కాయ కాస్త చిన్నగా, రంగు కాస్త తక్కువగా ఉంటే గుప్పిట్లో తీసుకుని చూసే కొనుగోలుదారు ధర తగ్గిస్తాడు. వేరే రాసి, వేరే వేలం, అక్కడికక్కడే అవశేషాల పరీక్ష ఉంటే తప్ప ఆ రైతు కష్టానికి ధర రాదు. ప్రకృతి వ్యవసాయం మీద పెట్టే ఖర్చులో కొంత యార్డు ల్యాబ్ మీద పెడితే రెండేళ్లలో వచ్చే మార్పు ఎక్కువ.

విద్యుత్ సంగతి కూడా ఇలాంటిదే, కాకపోతే అందరికీ తెలిసిందే. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం 1979 నుంచి రాష్ట్రానికి కరెంటు ఇస్తోంది. 2023లో 800 మెగావాట్ల కొత్త యూనిట్ కూడా చేరింది. ఏడో లక్ష్యం అడిగే అందుబాటు ధర విద్యుత్ అది. దాని బూడిద లారీల దుమ్ము చుట్టుపక్కల ఊళ్ల ఇళ్ల మీద పడుతుంది. విజయవాడ, గుంటూరు రెండూ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్నాయి. 'బ్లేజ్‌వాడ' అని జోకులు వేసుకునే ఎండ సంగతి సరేసరి. 2015 వేసవిలో వడదెబ్బకు ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది చనిపోయారని అధికారిక లెక్క. ఎండలో చచ్చిపోయేది ఏసీ గదిలో ఉండేవాళ్లు కాదు. ఉపాధి కూలీ, రిక్షా కార్మికుడు, ముసలివాళ్లు. ఆ తర్వాతి ఏళ్లలో హెచ్చరికలు, చలివేంద్రాలు, పనివేళల మార్పు వల్ల మరణాలు బాగా తగ్గాయి. ఖర్చు పెద్దగా లేని పని, ఫలితం వెంటనే కనిపించింది.

మరి సూచీలతో పనేమీ లేదా అంటే ఉంది. రాష్ట్రాల మధ్య పోటీ పెట్టడం వల్ల మరుగుదొడ్లు, గ్యాస్, కుళాయిలు, ప్రసవాల విషయంలో యంత్రాంగం కదిలింది. కానీ రాష్ట్రం స్థాయిలో సగటు తీస్తే సింగ్‌నగర్ గానీ ఆనందపేట గానీ అందులో కనపడవు. కొలత ఇంకా కిందికి దిగాలి, వార్డు దాకా. అందుకు కావాల్సిన మనుషులు లేరని చెప్పడానికి ఈ రాష్ట్రంలో వీల్లేదు. 2019 అక్టోబర్ 2న మొదలైన వార్డు సచివాలయాల్లో సిబ్బంది ఉన్నారు. పారిశుద్ధ్యం చూసేవాళ్లు, ప్రణాళిక చూసేవాళ్లు, ఆరోగ్యం చూసేవాళ్లు వేర్వేరు శాఖలవాళ్లయినా ఒకే గదిలో కూర్చుంటారు. శాఖల మధ్య గోడలు లేని ఆఫీసు ప్రభుత్వంలో ఎక్కడైనా ఉందంటే అదే.

వార్డులో కొలవాల్సినవి పెద్దవేమీ కావు. వీధి చివర కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎంతుంది, అదీ సరఫరా మొదలైన మొదటి పది నిమిషాల్లో. గట్టి వాన పడ్డాక వీధిలో నీళ్లు ఎన్ని గంటలు నిలిచాయి. మంచినీటి పైపు మురుగు కాలువను ఎక్కడెక్కడ దాటుతోంది. ఆరో లక్ష్యానికీ, పదకొండో లక్ష్యానికీ ఇంతకంటే నమ్మకమైన లెక్క ఢిల్లీలో తయారు కాదు.

పైగా అందులో ఒక భాగం ఇప్పటికే జరిగిపోయింది. 2024 వరద తర్వాత నష్టపరిహారం కోసం ఈ సిబ్బందే ఇంటింటికీ తిరిగారు. కింది అంతస్తా పై అంతస్తా, బైకా ఆటోనా, దుకాణం ఉందా అని నమోదు చేశారు. జాబితాలో పేరు లేదని జనం గొడవ చేస్తే మళ్లీ తిరిగారు. పేదల మీద దృష్టి పెడుతూ విపత్తు నష్టాన్ని లెక్కించమని 11.5 అడిగేది దాదాపు ఇదే. సాయం పంపిణీతో ఆ జాబితాల పని అయిపోయిందనుకోకుండా నగరపాలక సంస్థ వాటిని మొదటి ఏడాది లెక్కగా పెట్టుకోవచ్చు. అప్పుడు కొత్త సర్వే అవసరం రాదు. ప్రతి ఇంటి పేరు పక్కన ఒక్క కాలమ్ చేర్చితే చాలు: ఈ గడప బుడమేరు గట్టు కంటే ఎన్ని అడుగుల కింద ఉంది. కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు, పేదలకు ఇంకో కాలనీ వేసేటప్పుడు ముందు తెరవాల్సిన ఫైలు అదే.